పూల కారు, కొత్త జెట్లు

మా బాపు కారులో అమ్మ ఎన్నో ఏళ్ళు తిరిగింది కానీ, ముందు సీట్లో మాత్రం ఎన్నడూ కూర్చోలేదు. కారణం చాలా సాదాసీదాది. ముందు సీటు కారులో ఉండేది కాదు, మా ఇంటి అరుగు మీద ఉండేది.

బాపుది పూల వ్యాపారం. గుడిమల్కాపూర్ మార్కెట్లో బంతి, చామంతి గంపలకొద్దీ కొని, పాతబస్తీలో దండలు కట్టే దుకాణాలకు వేసేవాడు. ఎవరో డాక్టరు వాడి వదిలేసిన పద్మిని కారు చేతికి రాగానే ఆయన చేసిన మొదటి పని, డ్రైవర్ పక్క సీటు బోల్టులు విప్పి ఆ జాగాలో గంపలు పెట్టడం. విప్పిన సీటును పారేయడానికి మనసొప్పక జహనుమాలోని మా ఇంటి అరుగు మీద వేశాడు. అప్పటినుంచి అమ్మ ఆ సీటు మీదే కూర్చొని దండలల్లింది, బియ్యం ఏరింది, మమ్మల్ని తిట్టింది. ఎక్కడికైనా పోవాల్సి వస్తే వెనక సీట్లో పూల మూటల నడుమ ఇరుక్కొని కూర్చునేది. ముందు గంపలు అడ్డం కాబట్టి రోడ్డు కనిపించేది కాదు. బిస్కట్ల వాసన వస్తే షాలిబండ, ముక్కు మూసుకోవాల్సి వస్తే మూసీ అని గుర్తుపట్టేది.

బాపు పోయాక కారు ఇంటి పక్కనున్న ఖాళీ జాగాలో టార్పాలిన్ కప్పుకొని పడుకుంది. నేను బస్సు డిపోలో క్లర్కు పని చేసి రిటైరయ్యాను. నాకు ముక్కు మీదే కోపం. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ కోపానికి డిపోలో సరిపడా మనుషులు దొరికేవారు. రిటైరయ్యాక అదంతా ఇంటి మీద పడింది. అందుకే బాపు కారును మళ్ళీ నడిపిస్తానని నేనన్నప్పుడు మా ఆవిడ ఒక్కమాట ఎదురు చెప్పలేదు. పొద్దంతా నేను వేరే దేనిమీదనో అరుస్తుంటే ఆమెకు అంతకంటే కావాల్సిందేముంది!

ఎదురు చెప్పింది తమ్ముడు. కారు ఉన్న జాగాలో షట్టర్ వేసి దుకాణం పెట్టాలని వాడి ఆలోచన. నాకు చెప్పకుండా తుక్కు కొనేవాడిని పిలిపించి బేరం కూడా మొదలుపెట్టాడు.

"అన్నా, గది కారు కాదు, ఎలుకల హాస్టల్. తీసి పారేద్దాం" అన్నాడు.

నేను లేచాను. వాడూ లేచాడు. మా ఇద్దరి గొంతులకు గల్లీలో కిటికీలు తెరుచుకున్నాయి. అమ్మ చేతిలో దండ పక్కన పెట్టి, అరుగు మీది కారు సీట్లోంచే తీర్పు చెప్పింది.

"లొల్లి బంజెయ్యుండ్రి. బతుకమ్మకు పూలు తేవాల్నా, లేదా? గా కారు నన్ను ముందట కూసోబెట్టుకొని గుడిమల్కాపూర్ పోయి, పూలు తీస్కొని మళ్ళ ఇంటికి రావాలె. వచ్చిందా, ఉంటది. నడిమిట్ల ఆగిందా, తుక్కోనికి నేనే దగ్గరుండి ఇస్త."

అమ్మ తీర్పుకు మా ఇంట్లో అప్పీలు లేదు. కారు నిలబడాలంటే బతుకమ్మలోపు నడవాలి. బాపు గుర్తుగా మాకు మిగిలిన పెద్ద వస్తువు అదొక్కటే, ఆ సంగతి తమ్ముడికి ఎట్లా చెప్పాలో నాకు రాదు. అరవడం మాత్రమే వచ్చు.

మా గల్లీ చివర ఒక ఉస్తాద్ భాయ్ షెడ్డు ఉంది. బాపు కాలం నుంచీ ఈ కారు ఆయన చేతిదే. పనిమంతుడే కానీ, తన పనితనం గురించి తానే చెప్పుకోవడంలో ఇంకా పెద్ద పనిమంతుడు. ఇంజన్ చప్పుడు విని, డ్రైవరు ఇంట్లో భార్యతో కొట్లాడి వచ్చాడో లేదో కూడా చెప్పగలనంటాడు. ఆయన వచ్చి, బానెట్ ఎత్తి, కార్బరేటర్ విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. పెట్రోలు, గాలి కలిపి ఇంజన్‌కు తాగించేది కార్బరేటరే. మాది లోపలంతా అరిగిపోయింది. పెట్రోలు మీద తేలాల్సిన ఫ్లోట్ చిల్లు పడి మునిగిపోయింది. పెట్రోలును కొలిచి వదిలే జెట్లు, అంటే సన్నటి రంధ్రం ఉన్న ఇత్తడి మరలు, సాగి వెడల్పైనాయి.

"అసలీ సామాను ఇప్పుడు దొర్కది భాయ్. కానీ ఎవరో కొత్తగ చేస్తున్నరట, అచ్చం పాతదాని లెక్కనే" అన్నాడు.

"ఒరిజినలేనా?"

"ఒరిజినల్ కాదు. ఒరిజినల్‌కు జిరాక్స్."

మా అల్లుడు ఫోన్లో వెతికి, కోస్తా వైపు ఏదో ఊళ్ళో ఒకాయన ఈ సామాను అమ్ముతాడని కనిపెట్టాడు. తెప్పించాం.

ఇక్కడ మా అమ్మ అలవాటు ఒకటి చెప్పాలి. కొత్త వస్తువు ఏది ఇంట్లోకి వచ్చినా, పసుపు కుంకుమ పెట్టనిదే దాన్ని ఎవరూ ముట్టడానికి లేదు. మా మిక్సీకి బొట్టు ఉంది. ఇన్వర్టర్‌కు ఉంది. డాక్టరు కొనమంటే నేను కొన్న బీపీ మిషన్‌కు కూడా నడినెత్తిన బొట్టు ఉంది, అందులో ఎంత వచ్చినా నేను దేవుడి మీదే భారం వేయాలి. బాపు పోయాక ఈ పని కోడలికి అప్పగించమని ఒక పెద్దావిడ సలహా ఇస్తే అమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

"నాకు బొట్టు లేకుంటె ఏందమ్మా, సామానుకు లేకుంటె ఎట్ల?" అంది. ఆ పెద్దావిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పార్శిల్ వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. తిరిగొచ్చేసరికి అట్టపెట్టెకు నాలుగు మూలలా బొట్లున్నాయి. ఫ్లోట్ మీద ఒక బొట్టు. కార్బరేటర్ అతుకుల మధ్య వేసే ప్యాకింగ్ కాగితం మీద ఒకటి. నేను నవ్వుకొని, గుడ్డతో తుడిచి, పెట్టెను భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. జెట్లు మాత్రం పచ్చగా, తళతళా, ముద్దుగా ఉన్నాయి. వాటిమీద కుంకుమ కనబడలేదు కాబట్టి తుడవాలన్న ఆలోచనే రాలేదు.

బిగించడం మొదలైంది. జిరాక్స్ అని భాయ్ ఎందుకన్నాడో అప్పుడు అర్థమైంది. ప్యాకింగ్‌కు ఉన్న తూట్లు కార్బరేటర్ తూట్లకు సరిపోలేదు, బ్లేడుతో కోశాడు. ఫ్లోట్ పక్క గోడకు రాసుకుంటోంది, దాని కొక్కేన్ని వేళ్ళతోనే కొంచెం వంచాడు. పెట్రోలు రాకను ఆపాల్సిన నీడిల్ ఆపకుండా పొర్లించింది, దాన్ని వేలి మీద తిప్పుతూ నూరాడు. ప్రతి దానికీ ముందు ఒక తిట్టు, తర్వాత ఒక చాయ్. కిట్‌లో అన్నీ ఉన్నాయి కానీ, చోక్ లాగినప్పుడు పెట్రోలు వదిలే చోక్ జెట్ ఒక్కటి లేదు. పాతదే కడిగి మళ్ళీ పెట్టాడు.

"గీ ఒక్కటే అసలుది. మిగతాదంత పెండ్లి బారాతుల అద్దె షేర్వానీ" అన్నాడు.

అన్నీ అయ్యాక చోక్ లాగి తాళం తిప్పాను. ఇంజన్ అందుకుంది! ఎన్నాళ్ళకు విన్నానో ఆ చప్పుడు. ఆ గరగర వినగానే బాపు గల్లీ మలుపు తిరుగుతున్నట్టే అనిపించింది. అమ్మ అరుగు మీద లేచి నిలబడింది. భాయ్ తన మీసం తానే దువ్వుకున్నాడు. ఇంజన్ వేడెక్కిందని చోక్ లోపలికి నెట్టాను. వెంటనే చచ్చిపోయింది.

మళ్ళీ చోక్ లాగాను, నడిచింది. నెట్టాను, చచ్చింది. ఇక అదే ఆట. చోక్ అనేది చలికి బండి లేవడానికి మాత్రమే, దాని మీద గుడిమల్కాపూర్ దాకా పోలేము. పొగ కమ్మి గల్లీ అంతా దోమల మందు కొట్టినట్టైంది.

మా గల్లీలో కారు ఆగితే సలహాలకు కొదవుండదు. పాలు పోసే ఆయన బ్యాటరీ అన్నాడు. గాజుల దుకాణం ఆయన ఎర్తింగ్ అన్నాడు. ఎదురింటి రిటైర్డు పంతులు పెట్రోల్లో నీళ్ళన్నాడు. అమ్మ మాత్రం దిష్టి అంది. నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చి బంపర్‌కు కట్టింది. తమ్ముడేమో టేపు తెచ్చి ఖాళీ జాగా పొడవు, వెడల్పు కొలవడం మొదలుపెట్టాడు. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటంతా ఫోన్లో సామాను అమ్మినాయన మీద కుమ్మరించాను.

ఆయన శాంతంగా విన్నాడు. విని, "ఒకసారి ఆ జెట్లు ఊది చూశారాండీ?" అని అడిగాడు.

"ఊదుడేంది? పాత సామాను ఊదుతరు. నువ్వు పంపింది కొత్తదేనా, కాదా?"

"కొత్తవేనండీ. అయినా ఒక్కసారి ఊది..."

"కొత్త సామాను ఊదుకొని పెట్టుకోవాల్నా? గదేమన్న చాయ్‌నా?" అని ఫోను పెట్టేశాను.

భాయ్ కూడా నా పక్షమే. అంతటి ఉస్తాద్‌ను పట్టుకొని ఊదమంటాడా అని ఆయనకు రోషం వచ్చింది. కార్బరేటర్ విప్పడం, బిగించడం, స్క్రూ అరమలుపు తిప్పడం, చెవి పెట్టి వినడం, ఇట్లా బతుకమ్మ దగ్గరికొచ్చేదాకా సాగింది. పాతబస్తీలో పూల ధర పెరగడం మొదలైందని అమ్మ రోజూ మాకు వినబడేలా అనేది.

చివరికి ఒక మధ్యాహ్నం భాయ్ విసిగిపోయి, పెద్ద జెట్టును పటకారుతో పట్టి ఎండకు ఎత్తి చూశాడు. ఒక కన్ను మూశాడు. తర్వాత రెండో కన్ను మూసి చూశాడు. చిన్న జెట్టునూ అట్లాగే చూశాడు.

"భాయ్, ఇటు రా. వెల్తురు కనిపిస్తుందా?"

చూశాను. చీకటి. రెండింటిలోనూ వెలుతురు బొట్టంత కూడా లేదు.

"తూటు పెట్టుడే మర్చిండ్రు!" అన్నాడు భాయ్. "అరె, తూటు లేని జెట్ట! పెట్రోల్ ఎక్కడికెల్లి పోతది, ఇంజన్‌కు ఏం తాగిపిస్తది!"

నాకు కోపం నెత్తికెక్కింది. అప్పటికప్పుడు ఫోన్ చేసి, రంధ్రం పెట్టకుండా జెట్టు అమ్మిన మనిషి భూమ్మీద నువ్వొక్కడివే అని మొదలుపెట్టి, చాలాసేపు మాట్లాడాను. ఫోటో పంపాను. ఆయన పాపం తన కుర్రాళ్ళ పొరపాటే అయి ఉంటుందని ఒప్పుకొని, వేరే సెట్టు పంపుతానన్నాడు. గెలిచాననుకున్నాను. కానీ అది వచ్చేది బతుకమ్మ తర్వాత. అప్పటికి ఈ జాగాలో షట్టర్ ఉంటుంది.

"మనమే పెడదాం తూటు" అన్నాడు భాయ్. పాత క్లచ్ వైరును చీల్చి, అందులోంచి వెంట్రుకంత సన్నటి పోగు ఒకటి లాగాడు. ఇత్తడిని దాంతో తొలవడం అయ్యే పనేనా అని నేను అంటుండగానే, పోగు సుతారంగా లోపలికి దిగిపోయి అవతల తేలింది. బయటికి లాగితే పచ్చటి పొడి రాలింది.

"ఇత్తడి ఇంత మెత్తగ ఉంటదా?" అన్నాడు భాయ్. పొడిని బొటనవేలు మీద వేసుకొని రుద్దాడు. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. ఆఖరికి నాలుక చివర పెట్టుకున్నాడు. ఆయన మొహం ఎన్ని రంగులు మారిందో చెప్పలేను.

"భాయ్" అన్నాడు గొంతు తగ్గించి, "యే తో హల్దీ హై."

ఇద్దరం మెల్లిగా తల తిప్పి అరుగు వైపు చూశాం. అమ్మ చామంతులు అల్లుకుంటూ కూర్చుంది. ఆమె వేళ్ళ కొసలు ఎప్పటిలాగే పచ్చగా ఉన్నాయి.

దగ్గరికెళ్ళి, వీలైనంత మెత్తగా అడిగాను. "అమ్మా, పార్శిల్ల సిన్న సిన్న ఇత్తడి మరలు ఉండె గదా. వాటికి గిట్ల పసుపు పెట్టినవా?"

"పెట్టకుంట ఎట్లుంటరా? అన్నిటికీ పెట్టిన" అంది అమ్మ తృప్తిగా. "గా సిన్నయిటికి బొట్టు ఆనదాయె. కుంకుమకు జాగనే లేదు. నడిమిట్ల సన్న గుంత ఉన్నది, గండ్లనే పసుపు తడిపి అద్దిన. నిండేదాక అద్దిన. మంచిగ కూసున్నది."

మంచిగనే కూర్చుంది. ఎండి రాయైపోయింది. ఇత్తడి పచ్చన, పసుపు పచ్చన. ఉస్తాద్ చెవికి వినబడలేదు, నా కంటికి కనబడలేదు. కిట్‌లో లేని చోక్ జెట్టుకు మాత్రమే అమ్మ పూజ తప్పింది కాబట్టి, కారు చోక్ మీద మాత్రమే నడిచింది.

నాకు కోపం గొంతుదాకా వచ్చింది. అరవడానికి నోరు కూడా తెరిచాను. కానీ వెనకాల భాయ్ చేతిలో జెట్టు పట్టుకొని, శబ్దం రాకుండా ఒళ్ళంతా కదిలిపోయేలా నవ్వుతున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అది చూశాక నా కోపం ఎటుపోయిందో తెలియదు, నేనూ అరుగు మీద కూలబడి నవ్వాను. ఎందుకు నవ్వుతున్నామో అమ్మకు అర్థం కాక, ఇద్దరికీ ఎండదెబ్బ తగిలిందని మజ్జిగ తెచ్చింది.

"అమ్మకు చెప్పకు భాయ్" అన్నాడు ఉస్తాద్ మజ్జిగ తాగుతూ. "మనసు చిన్నబోతది." ఆ కథ బయటికొస్తే తన చెవుల పేరు కూడా చిన్నబోతుందని ఆయన భయమని నాకు తెలుసు. అయినా ఒప్పుకున్నాను. సామాను పంపినాయనకు మళ్ళీ ఫోన్ చేసి, "తూటు దొరికింది, ఇగ పంపకు" అని మాత్రం చెప్పి పెట్టేశాను. పాపం, ఆయన ఏమనుకున్నాడో ఏమో.

జెట్లు కడిగి, ఈసారి ఊది, ఎండకు పెట్టి చూసి, మళ్ళీ ఊది బిగించాం. చోక్ నెట్టినా ఇంజన్ చెక్కుచెదరలేదు. తర్వాత అరుగు మీది సీటు ఎత్తుకొచ్చి, దుమ్ము దులిపి, ఖాళీగా ఉన్న దాని పాత జాగాలో బోల్టులు వేశాం. ఇన్నేళ్ళూ దాని మీద కూర్చున్న మనిషి వచ్చి, కొత్త చోటు కదా అని, దానికి కూడా ఒక బొట్టు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది.

"అంత మీ పసుపు మహిమ అమ్మా" అన్నాడు భాయ్ చేతులు కట్టుకొని. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"నాకెర్కనే" అంది అమ్మ.

బయలుదేరాం. తమ్ముడు గల్లీ మొదట్లో నిలబడి, మేమెక్కడ ఆగుతామా అని చూస్తున్నాడు. కారు ఆగితే బాపు వస్తువును నా చేతులతోనే తుక్కు బండిలోకి ఎక్కించాలి. షాలిబండ దగ్గర ఆటోలు, బండ్లు అన్నీ ఒకేసారి మీదికి వచ్చాయి. ఇంజన్ ఒకసారి దగ్గింది. అమ్మ డాష్‌బోర్డు మీద అరచేత్తో ఒక్కటి చరిచింది, అది మళ్ళీ సర్దుకుంది. చిన్నప్పుడు నాకు దగ్గొస్తే వీపు మీద కూడా అట్లాగే చరిచేది.

హుస్సేనీఆలం దాటి, పురానాపూల్ వంతెన ఎక్కాం. అమ్మ సీటు అంచుకు జరిగి, అద్దానికి మొహం ఆనించినంత పని చేసి, అటూ ఇటూ చూస్తోంది. పాత దర్వాజా, కింద నది, పావురాలు, దూరంగా మసీదు మీనార్లు, వాటి నడుమ పొద్దు. ఈ దారి ఆమెకు కొత్త కాదు. ముక్కుతో లెక్కలేనన్నిసార్లు వచ్చింది.

అద్దం వైపు నుంచి మొహం తిప్పకుండానే అంది. "గిదంత మీ బాపు రోజూ సూసుకుంట పోయిండన్నట్టు. ముందట గింత మంచిగుంటదని ఒక్కనాడన్న నాకు చెప్పలె."

నాకు బాపు మీద కోపమొచ్చింది, ఆయన గుర్తొచ్చి దుఃఖమూ వచ్చింది, రెండూ ఒకేసారి. గేరు మార్చాల్సిన అవసరం లేకపోయినా మార్చాను.

గుడిమల్కాపూర్‌లో అమ్మ కారు దిగకుండా కిటికీలోంచే బేరమాడింది. బంతి, చామంతి, గునుగు, తంగేడు అన్నీ వెనక సీటు నిండా కుక్కించింది. వచ్చేదారిలో కారు ఎక్కడా ఆగలేదు. చోక్ పిడి వైపు నేను చూడను కూడా చూడలేదు.

ఇంటి ముందు ఆపేసరికి తమ్ముడు వచ్చాడు. చేతిలో టేపు లేదు. వెనక తలుపు తీసి, నలిగిన చామంతులు చూసి, ఓడిపోయినవాడు ఏదో ఒకటి అనాలి కదా, "బండి నడుస్తుంది గానీ, గీ ముందు సీటు ఇప్పేస్తె ఇంకో రెండు గంపలు వట్టేవి" అన్నాడు.

అమ్మ దిగలేదు. సీట్లో వెనక్కి ఆనుకొని, ఒడిలో కొంగు పరుచుకుంది.

"పూలు ఎనుక కూసుంటయ్" అంది. "దారం గీడికే తెండ్రి."